ఎర్రలైటు నవ్వు

ఫోటో స్టూడియో వెనక గది. కంప్యూటర్ ముందు వదిన, పక్కనే స్టూలు మీద మరిది, తలుపు దగ్గర కుర్చీలో అత్తగారు.

"మళ్ళీ పోయింది."

"ఏం పోయింది వదినా?"

"టిక్కు. 'గ్రాఫిక్స్ కార్డు వాడు' అన్నచోట ఇందాక నువ్వు పెట్టిన టిక్కు. ఇప్పుడు అసలు నొక్కనివ్వడమే లేదు. గడి మొత్తం బూడిద రంగైపోయింది."

"కింద ఏమన్నా రాసిందా?"

"కార్డు కనబడలేదంటోంది."

"కనబడకపోవడమేంటి? నా చేత్తో నేనే బిగించాను కదా. ఇటుకరాయంత ఉంటుంది అది!"

"ఇటుకరాయంతది కూడా కనబడలేదంటే ఇంకా ఘోరం కదా మరిదిగారూ."

"ఒరేయ్ చిన్నోడా, ఇంతకీ మీ నాన్న నవ్వుతాడా, నవ్వడా?"

"నవ్విస్తానమ్మా. బతికున్నన్నాళ్ళూ ఎవడి వల్లా కాలేదు. ఒక్క పూటలో నవ్వించమంటే ఎలా?"

"నాలుగింటికి డిపో వాళ్ళొస్తారు. ఏడాది తిరిగింది కదా, డ్రైవర్లు కూర్చునే హాల్లో గోడకి పెడతారట."

"తెలుసమ్మా. పొద్దుట్నించీ హాలు హాలు అంటూనే ఉన్నావు."

"అంటాను మరి. ఆ గోడ మీంచి ఆ ముటముట మొహం రోజూ వాళ్ళని చూస్తుంటే వాళ్ళకి టీ దిగుతుందా?"

"వాళ్ళకి అలవాటే కదత్తయ్యా. అయినా వాళ్ళేం నవ్వే ఫోటోనే కావాలనలేదు."

"ఎవరనలేదు?"

"డిపో వాళ్ళు. నేనే ఫోన్లో మాట్లాడాను. ఉన్నదేదో ఇవ్వండమ్మా, గుర్తుపట్టేట్టుంటే చాలు అన్నారు."

"వాళ్ళంటారు. వాళ్ళదేం పోయింది! నువ్వు పని కానీ అమ్మాయ్."

"వదినా, అసలు నవ్వే ఫోటో ఒక్కటి కూడా లేదా? బాగా వెతికావా?"

"ఇంట్లో ఉన్నవన్నీ తిరగేశాను. ఒక్కదాంట్లో పన్ను కనబడితే ఒట్టు. గుర్తింపు కార్డు ఫోటో, అది సరే, అందులో అందరూ దొంగల్లాగే ఉంటారు. మీ అన్నయ్య పుట్టినప్పటిది ఒకటుంది. బిడ్డని ఎవరో ఆయన చేతిలో పెట్టి పారిపోయినట్టుంటుంది. ఇక పెళ్ళి ఫోటో..."

"పెళ్ళి ఫోటోకేమైందమ్మాయ్?"

"ఏం కాలేదత్తయ్యా. మీరు చాలా బాగున్నారు. మామగారే, పక్కింటివాళ్ళ మీద ఫిర్యాదు చెయ్యడానికి వచ్చినట్టున్నారు."

"ఊరికే పెట్టారా డిపోలో ఎర్రలైటని పేరు! ఆయన గుమ్మంలోకొస్తే బస్సులేం ఖర్మ, నేనూ అన్నయ్యా కూడా ఎక్కడివాళ్ళం అక్కడే ఆగిపోయేవాళ్ళం."

"టైమ్‌కీపరు నవ్వుతూ కూర్చుంటే బస్సులు కదుల్తాయట్రా?"

"ఇంట్లో ఏ బస్సులున్నాయమ్మా?"

"నువ్వొకడివి, మీ అన్న ఒకడు. రెండూ పాత బళ్ళే. తోస్తే గానీ కదిలేవి కావు."

"అత్తయ్యా, అది నిజం. పెద్ద బండి ఇప్పటికీ అంతే."

"నన్నూ మా అన్నయ్యనీ తర్వాత తిట్టుకుందురు గానీ... వదినా, ఆ టూలు కార్డు లేకుండా అస్సలు తెరుచుకోదా?"

"తెరుచుకోదు. రంగులు మార్చడం, మచ్చలు తుడవడం అయితే కార్డు లేకపోయినా ఈడ్చుకుంటూ చేస్తుంది. మొహాన్ని తనే పట్టుకుని మూతీ కళ్ళూ కదిపే టూలుంది చూడు, అదొక్కటే. కార్డు లేకపోతే తలుపే తియ్యదు."

"ఆ టూలూ గీలూ లేకుండా చేత్తో గియ్యకూడదా అమ్మాయ్? పెళ్ళికూతుళ్ళ ముక్కులు గీస్తావు కదా."

"గీశాను కదత్తయ్యా, ఇందాక చూపించాను కూడా."

"అదా! అది నవ్వా? పంటి నొప్పనుకున్నాను."

"సరే, జరుగు వదినా. డ్రైవరు పాతదై ఉంటుంది, మార్చేస్తాను."

"డ్రైవరు పాతవాడైతే మంచిదే కదరా. మీ నాన్న పాతవాళ్ళనే నమ్మేవాడు. కొత్తవాళ్ళు బండిని గుంతల్లో పడేస్తారని."

"ఈ డ్రైవరు వేరమ్మా. కార్డుకీ కంప్యూటర్‌కీ మధ్య మాటలు చేరవేసే ప్రోగ్రాము. అది పాతబడితే ఒకళ్ళ మాట ఒకళ్ళకి అర్థం కాదు."

"అయితే మీ అన్నకీ మీ వదినకీ మధ్య కూడా ఒకణ్ణి పెట్టు."

"అత్తయ్యా!"

"లేకపోతే ఏంటమ్మా. నిన్న ఇద్దరూ పొద్దంతా సైగలే."

"అది కెమెరా బ్యాటరీ గొడవత్తయ్యా. వదిలెయ్యండి... ఎక్కిందా మరిదిగారూ?"

"ఎక్కింది. ఇప్పుడొకసారి ఆపి మళ్ళీ పెడదాం. ఆ... వస్తోంది... సాఫ్ట్‌వేర్ తెరువు. సెట్టింగుల్లోకి వెళ్ళు."

"టిక్కొచ్చింది! కార్డు పేరు కూడా చూపిస్తోంది."

"మరి! ఎవరనుకున్నావు! రిపేరు షాపులో నా దగ్గరికి ఎలాంటి కేసులు వస్తాయనుకున్నావు!"

"పొగడ్తలు తర్వాత. టూలు తెరుస్తున్నాను. తెరుచుకుంది. మొహం దొరికింది దానికి, చూడండత్తయ్యా, కళ్ళ చుట్టూ గీతలు గీసింది."

"మొహం దొరక్కేం, అంత మొహం. లేపు లేపు, మూతి లేపు."

"లేపుతున్నాను... ఎడమ కొస కొంచెం..."

"అదేంటి! కరెంటు పోయిందా?"

"ఫ్యాను తిరుగుతోంది కదమ్మా. తెరే నల్లబడింది."

"వచ్చింది వచ్చింది. ఆఁ. టిక్కు పోయింది. కార్డు కనబడలేదట."

"అంటే?"

"అంటే మామగారు నవ్వబోయి మానేశారు."

"చూశావా వదినా? మూతి కొస లేచేసరికి కార్డే చచ్చిపోయింది. అదీ మా నాన్నంటే."

"ఎగతాళి చాల్లే. టైమెంతయింది?"

"చాలా ఉందమ్మా, కంగారు పెట్టకు. ఇదేదో... మామూలుగా ఉన్నంతసేపూ బాగానే ఉంటోంది. పని చెప్పగానే పడిపోతోంది. వదినా, నీకు వేడి చూపించే ప్రోగ్రామొకటి వేసి పెట్టాను కదా. తెరువు. కార్డు ఎదురుగా అంకె ఎంతుంది?"

"తొంభై ఎనిమిది."

"ఎంత?!"

"తొంభై ఎనిమిదంటే ఏముందిరా? జ్వరం కూడా కాదు అది."

"అమ్మా, అది డాక్టరు కొలత. ఈ కొలతలో వందకి నీళ్ళు మరుగుతాయి."

"ఓరి నాయనో!"

"వేడి తట్టుకోలేక కార్డు తనంతట తనే ఆగిపోతోంది. ఒకసారి అలా పడిపోగానే సాఫ్ట్‌వేర్ భయపడి టిక్కు తీసేస్తోంది. అయినా కొత్త కార్డు అంత వేడెక్కడమేంటి? వదినా, పెట్టె పక్కన ఏమన్నా అడ్డం పెట్టావా?"

"నేనా? ఏం పెడతాను?"

"బ్యాక్‌డ్రాప్ గుడ్డలేమైనా?"

"అవి ముందు గదిలో ఉన్నాయి."

"మరి?"

"వంగి చూడరాదట్రా! బల్ల కిందే కదా ఉంది."

"నడుం పట్టేసిందమ్మా. అందుకే తెర మీద నుంచే చూస్తున్నాను."

"పొద్దుట్నించీ నడుం వంచకుండానే బాగుచేస్తున్నావా? మీ నాన్న ఉంటే..."

"వంగుతున్నాను, వంగుతున్నాను. అమ్మా... వదినా."

"ఊఁ."

"ఇదేంటి?"

"ఏది?"

"దీనికి గౌనేంటి? కుచ్చులున్నాయి. చుట్టూ కుచ్చులే! పువ్వులు కుట్టారు. వెనక నాడాలు కట్టారు. బటన్ నొక్కడానికి, అయ్య బాబోయ్, కాజా కూడా కుట్టారు! మాట్లాడరేం ఇద్దరూ?"

"దుమ్ము పడుతుందనీ..."

"ఎవరు కుట్టింది?"

"కుట్టు ఎలా ఉందిరా?"

"అమ్మా! నువ్వా?"

"ఇంట్లో అన్నిటికీ కుట్టాను. టీవీకి కుట్టాను, మిక్సీకి కుట్టాను, నీ పాత సైకిలు సీటుకి కుట్టాను. ఏదన్నా చచ్చిందా?"

"మిక్సీ తిప్పేటప్పుడు గలీబు తీస్తావు కదమ్మా! దీనికి స్వెట్టరు తొడిగి, మఫ్లరు కట్టి, ఎండలో పరిగెత్తమంటే ఎలా? గాలాడాలి దీనికి. వదినా, నీకైనా తెలియాలి కదా. చదువుకున్నావు."

"తెలుసు."

"తెలిసీ ఉంచావా?"

"అత్తయ్య అంత ముచ్చటగా కుట్టారు. పువ్వులకి వారం పట్టింది. తీస్తే ఏమనుకుంటారోనని..."

"నేనేమనుకుంటానమ్మాయ్? పనయ్యాక కప్పుకుంటావని కుట్టాను. నడుస్తున్నప్పుడు ఎవరైనా కప్పుతారా?"

"మరి మీరు రోజూ చూస్తూనే ఉన్నారు కదత్తయ్యా. ఒక్కసారన్నా తియ్యమనలేదు."

"నువ్వేదో ఇష్టపడి వేసుకున్నావనుకున్నాను. కోడలు మోజుపడి వేసుకుంటే అత్త పీకేసిందంటారని నోరు మూసుకున్నాను."

"నేనూ నోరు మూసుకున్నాను."

"బాగుంది. మీరిద్దరూ ఒకళ్ళకొకళ్ళు మర్యాదలు చేసుకున్నారు, మధ్యలో కార్డు చచ్చింది. ఇలాంటి కేసు మాత్రం నా షాపుకి ఎప్పుడూ రాలేదు. వదినా, లెన్సులు ఊదుతావే, ఆ రబ్బరు బుడ్డి ఇలా ఇవ్వు. ఫ్యాను రెక్కల్నిండా పీచే. పరుపు కుట్టుకోవచ్చు."

"చినగకుండా తియ్యరా, కుచ్చులు."

"తీశానమ్మా. ఇదిగో, కొత్తపెళ్ళికూతుర్ని ఎత్తుకొచ్చినట్టు తెచ్చాను, పట్టుకో. ఊదాను. ఇప్పుడు పెట్టు వదినా. నాకు చెయ్యివ్వండి ఎవరన్నా, లేవలేకపోతున్నాను."

"వచ్చింది. టిక్కు పెట్టాను. నిలబడింది. వేడి అరవై రెండు."

"అది మంచిదేనా?"

"మంచిదేనమ్మా. ఇంక నువ్వడగడం, వదిన లాగడం. కానివ్వండి."

"మొహం దొరికింది. ఇక్కడ నవ్వు అని ఒక గీత ఉందత్తయ్యా. కుడికి జరిపితే మూతి లేస్తుంది. చాలు అన్నచోట చెప్పండి."

"జరుపు. జరుపు. ఇంకొంచెం... ఆగాగు! ఓట్లడగడానికి వచ్చినట్టున్నాడు."

"తగ్గించాను. ఇప్పుడు?"

"ఇప్పుడు బట్టల కొట్టు ముందు నిలబెట్టిన బొమ్మ."

"ఇలా?"

"ఊహూఁ."

"బాగానే ఉంది కదమ్మా! హాలుకి ఇది చాలు. నిజం చెప్పాలంటే ఎక్కువ కూడా."

"మీ నాన్న అలా నవ్వడు."

"ఎలానూ నవ్వడు కదమ్మా!"

"అలా నవ్వడన్నాను. నవ్వడనలేదు. అమ్మాయ్, రెండు కొసలూ కలిపి లేపకు. ఒకటి కిందే ఉంచు. గట్టిగా, బిగబట్టినట్టు. రెండోది లేపు, కొంచెం. ఆవగింజంత."

"గీతతో అలా రాదత్తయ్యా, రెండూ కలిసే లేస్తాయి. ఆగండి, బ్రష్షుతో తోస్తాను. ఇలా?"

"ఇంకా తక్కువ. ఎదురుగా ఉన్నవాడికి తెలియకూడదు."

"ఎదురుగా ఉన్నవాడికి తెలియకపోతే నవ్వెందుకత్తయ్యా?"

"తెలియాల్సినవాళ్ళకి తెలుస్తుంది. ఆ, అక్కడ. దాన్ని ముట్టుకోకు. ఇప్పుడు కన్ను."

"కన్నుకేమైంది? బాగానే ఉరుముతున్నారు కదా."

"ఒకటి ఉరమనీ. రెండోది ముయ్యి."

"ముయ్యడమా?"

"సగం."

"అమ్మా. ఆగు. నాన్న చేత కన్ను కొట్టిస్తున్నావా?"

"నేను కొట్టించడమేంట్రా! ఆయనే కొట్టేవాడు."

"ఎవరికి?"

"ఎవరికేంట్రా వెధవా!"

"అది కాదమ్మా... ఎప్పుడు? మేమెప్పుడూ చూళ్ళేదు."

"మీరెలా చూస్తారు? మిమ్మల్ని తిట్టేటప్పుడు కదా."

"తిట్టేటప్పుడా?!"

"మరిదిగారూ, నోరు మూసుకో, ఈగ పోతుంది. అత్తయ్యా, ఏ కన్ను?"

"కుడి... కాదు. ఎడమ."

"ఆయన ఎడమా? తెర మీద ఎడమా?"

"అంటే... ఉండు. కుడే. కాదు, నేనిటు తిరిగితే... ఉండమ్మా, కంగారు పెట్టకు."

"ఎందుకు లేస్తున్నావమ్మా?"

"జరుగు. ఆ స్టూలు ఖాళీ చెయ్యి, అది పొయ్యి అనుకో. నేనిక్కడ. నువ్వు వెళ్ళి ఆ కిటికీ కింద కూర్చో, పుస్తకం ముందేసుకుని. అమ్మాయ్, నువ్వు తలుపులో నిలబడు. నువ్వు మీ మామగారివి."

"నేనా?"

"నువ్వే. డ్యూటీ నుంచి వచ్చావు. చెప్పులు విప్పావు. వాడు పుస్తకంలో బొమ్మలు గీస్తున్నాడు. తిట్టు."

"ఎవర్ని, మరిదిగార్నా? నిజంగానా?"

"నిజంగానే."

"ఏరా! కార్డు బిగించి చేతులు దులుపుకుని పోవడమేనా? నాలుగుసార్లొచ్చావు, ఒక్కసారి బల్ల కిందికి తొంగి చూశావా? అది నడుమా, గునపమా? వచ్చినప్పుడల్లా మా టీ తాగి, మా బిస్కెట్లు తిని..."

"అమ్మా, వదిన పాతవన్నీ తీస్తోంది!"

"నువ్వు పుస్తకం చూడు. అమ్మాయ్, గొంతు బావుంది. తిడుతూనే ఉండు. ఇప్పుడు వాడికి కనబడకుండా నా వైపు ఒక్కసారి..."

"ఇలానా? అత్తయ్యా, ఇలానా?"

"ఆఁ. అదే. ఆ కన్నే. ఏది అది?"

"కుడి. నా కుడి."

"కుడి. చూశావా? కుడే. వాళ్ళు కిటికీ వైపు, నేను పొయ్యి వైపు. కుడి కాక ఏమవుతుంది!"

"సరే, రండి. ఆయన కుడి అంటే తెర మీద ఎడమ. రెండు కళ్ళకీ కలిపి గొలుసు గుర్తుంది, అది తీసేస్తే ఒక్కటే కదులుతుంది. ఎత్తు తగ్గిస్తున్నాను... ఇంకా... చూడండి."

"కింద చిన్న ముడత పడుతుంది అక్కడ."

"ఇక్కడా?"

"ఇంకా చెవి వైపు."

"ఇదిగో."

"వదినా, పెద్దది చెయ్యి. తెర నిండా చెయ్యి. ఇది... ఇది నాన్నేనా?"

"మీ నాన్న కాక ఎవరు?"

"అమ్మా, నాకు లెక్కల్లో సున్నా వచ్చినప్పుడు? నన్ను మూలన నిలబెట్టాడు, బెత్తం బల్ల మీద కొట్టాడు, ఇల్లంతా అదిరిపోయింది. అప్పుడు కూడానా?"

"అప్పుడు రెండుసార్లు."

"నేను ఏడుస్తుంటే?!"

"నువ్వేం ఏడిచావు! వేళ్ళ సందుల్లోంచి చూశావు. అది ఆయనే నాకు చూపించాడు. నేను నవ్వాపుకోలేక కూరలో ఉప్పు రెండోసారి వేశాను."

"ఆ కూర తిననందుకు మళ్ళీ నన్నే తిట్టాడు!"

"అప్పుడు మూడోసారి."

"అన్నయ్యకి ఫోన్ చెయ్యాలి. వాడికి ఇప్పటికీ నాన్న కల్లోకి వస్తే షర్టు లోపలికి దోపుకుంటాడట."

"అది తర్వాత. అత్తయ్యా, బాగుంది కదా? దాచేశాను. పెద్ద సైజులో ప్రింటుకి పంపిస్తున్నాను, ఫ్రేము కట్టడానికి టైముంది. డిపో వాళ్ళు మాత్రం కళ్ళు తిరిగి పడిపోతారు."

"వాళ్ళకి పాతదే ఇవ్వమ్మాయ్."

"పాతదేంటి?"

"గుర్తింపు కార్డుది. ముటముట మొహం. వాళ్ళకి తెలిసింది అదే కదా, ఎలా ఉన్నా సరే అన్నారు కదా."

"అమ్మా! మరి పొద్దుట్నించీ హాలు, గోడ, నాలుగింటికి వచ్చేస్తారు అని..."

"హాలు అనకపోతే నువ్వు షాపు మూసి వచ్చేవాడివా? నడుం వంచేవాడివా?"

"మరి ఇదెవరికి?"

"నాకు. చిన్నది చాలు, పర్సులో పట్టేంత."

"ఆ మాట ముందే చెప్పొచ్చు కదత్తయ్యా, మేం కాదంటామా?"

"ఏమని చెప్పనమ్మా? మొన్న పొయ్యి దగ్గర నిలబడి వెనక్కి తిరిగితే, ఏ కన్నో గుర్తు రాలేదు."